పదార్థాల పోకడ, 3వ పాఠం: ఉప్పు ఎందుకు పగులుతుంది, రాగి ఎందుకు వంగుతుంది

గత పాఠంలో అయానిక బంధం, లోహ బంధం ఎలా ఏర్పడతాయో చూశాం. ఈసారి రెండింటినీ చేత్తోనే పరీక్షిద్దాం. ఉప్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి తీగ ఒక జానెడు, భూతద్దం, బ్లేడు, పట్టకారు, గ్యాసు మంట ఉంటే చాలు.

ముందు ఉప్పు. కల్లుప్పు గడ్డ ఈ పనికి రాదు. తెల్లగా, మసకగా కనిపిస్తోందంటే అందులో ఎన్నో స్ఫటికాలు అడ్డదిడ్డంగా అతుక్కుని ఉన్నట్టే. అది ఎటుపడితే అటు పగులుతుంది. స్ఫటికాన్ని మీరే పెంచుకోండి. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 36 గ్రాముల ఉప్పు కరిగించి, వడగట్టి, వెడల్పాటి గిన్నెలో పోసి, పైన కాగితం కప్పి కదలని చోట పెట్టండి. ఎండలో పెట్టి తొందరపెడితే సన్నటి రవ్వే మిగులుతుంది. ఓపిక పడితే గాజులా తేటగా ఉండే చిన్న దిమ్మెలు వస్తాయి.

ఒక దిమ్మెను తీసుకుని, దాని అంచుకు సమాంతరంగా బ్లేడు ఆనించి, చెంచాతో ఒక్క దెబ్బ వేయండి. ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. భూతద్దంలో చూస్తే పగిలిన ముఖం నున్నగా, పక్క ముఖానికి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటుంది. ఆ ముక్కను మళ్లీ పగలగొట్టినా అంతే.

బంధం బలహీనం కాబట్టి పగిలిందని చాలామంది రాస్తారు. అది తప్పు. ఈ ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి! అసలు కారణం అమరికలో ఉంది. ప్రతి సోడియం అయాన్ (ధనావేశం ఉన్న పరమాణువు) చుట్టూ ఋణావేశం ఉన్న ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. దెబ్బకు ఒక పొర ఒక్క అయాన్ దూరం జరిగితే సోడియానికి సోడియం, క్లోరైడ్‌కు క్లోరైడ్ ఎదురవుతాయి. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి కాబట్టి, అంతవరకూ లాగి పట్టుకున్న పొరే ఇప్పుడు నెట్టేస్తుంది. (కొన్ని ఏటవాలు తలాల మీద ఈ చిక్కు లేకుండా జారడం సాధ్యమే. అందుకే భూగర్భంలోని ఉప్పు పొరలు దీర్ఘకాల ఒత్తిడికి నెమ్మదిగా ప్రవహిస్తాయి. చెంచా దెబ్బ అంత వ్యవధి ఇవ్వదు.)

ఇక రాగి. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా ఒలిచేయండి, కాలితే విషవాయువులు వస్తాయి. తీగను మధ్యలో మడిచి, మళ్లీ నిటారుగా చేయబోండి. కాదు! మడత దగ్గర చిన్న గూను అలాగే ఉండిపోయి, దానికి రెండు పక్కలా కొత్త వంపులు తిరుగుతాయి. వంగిన చోటు పక్కలకంటే గట్టిపడిందన్నమాట.

రాగిలో బంధం కట్టే బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ సొంతం కావు. పొర జారినా ప్రతి పరమాణువుకూ మళ్లీ పన్నెండు ఇరుగుపొరుగులే, అదే పట్టు. పైగా పొర మొత్తం ఒకేసారి జారదు. పరమాణువుల వరసల అమరికలో ఉండే డిస్‌లొకేషన్ అనే లోపం వరస తర్వాత వరసగా కదులుతుంది. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ వివరణ ఇచ్చారు. వంచేకొద్దీ ఆ లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుముడి పడతాయి. తీగ బిరుసెక్కేది అందుకే. బంధం మాత్రం మారలేదు.

ఆ ముడి విప్పడానికే మంట. పట్టకారుతో పట్టుకుని వంపును ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చండి. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వేడిని చప్పున ఇవతలి కొసకు తెస్తాయి, వేళ్లతో పట్టుకోవద్దు. ఎర్రబడకముందే తీగ కుంగిపోయిందా? అది రాగి పూత వేసిన అల్యూమినియం. 660 డిగ్రీలకే కరుగుతుంది. తర్వాత నీళ్లలో ముంచినా, గాలికి వదిలినా ఒకటే, రాగి మెత్తగానే ఉంటుంది. పైన కనిపించే నలుపు కాపర్ ఆక్సైడ్. ఇప్పుడు వంచి చూడండి, సులువుగా లొంగుతుంది.

అభ్యాసం: ఒకే చోట ముందుకూ వెనక్కూ వంచుతూ తీగ ఎన్నో వంపుకు తెగిందో లెక్కపెట్టండి. రెండో తీగను ప్రతి మూడు వంపులకూ ఒకసారి కాల్చి చల్లార్చండి. రెండు లెక్కలూ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇదే పరీక్ష ఇత్తడి తీగతో చేసి, ఇత్తడిలో రాగితో కలిసి ఉండే జింకు పరమాణువులు ఆ లోపాల దారికి ఎలా అడ్డం పడతాయో పోల్చిచూస్తాం.