బరువైన క్యారవాన్ ట్రైలర్ ఊగకుండా లాగడం ఎలా

హైదరాబాద్‌లో క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర ఆగి ఉండే పెద్ద బండి గుర్తుకు వస్తుంది గానీ, ఇక్కడ చెప్పేది సొంత ఇంజిన్ లేకుండా కారు వెనుక తగిలించి లాగే క్యారవాన్ గురించి. ఇది ఒకసారి అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే కారు వెనుక భాగాన్ని కూడా తనతో పాటు పక్కకు లాగుతుంది. వేగం తగ్గకపోతే ఒక్కో ఊపూ అంతకు ముందుదానికంటే పెద్దదై చివరికి రెండు బండ్లూ పల్టీ కొట్టవచ్చు. ఊపు కనిపించేది రోడ్డు మీదే అయినా దానికి బీజం పడేది చాలాసార్లు ఇంటి ముందు సామాను సర్దేటప్పుడే. అందుకే ముందుగా సర్దుకోవడం గురించి చెబుతాను.

వెనుక బరువు ఎక్కువైతే ట్రాక్టర్ ట్రాలీ ముందు కొక్కెం పైకి లేవడం మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. క్యారవాన్‌లోనూ జరిగేది అదే. కారు వెనుక ట్రైలర్‌ను తగిలించే గుండ్రటి బంతి, అంటే టో బాల్ మీద ట్రైలర్ ముక్కు (ముందు కొస) తగినంత బరువు మోపకపోతే దాని తోక స్వేచ్ఛగా ఊగుతుంది. బరువైన క్యారవాన్లకు ఈ ముక్కు బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో పాటించే లెక్క. యూరప్‌లో ఇంతకంటే తక్కువ శాతమే పాటిస్తారు కాబట్టి మీ ట్రైలర్ తయారీదారు చెప్పిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి; ఆ బరువును మీ కారు టో బాల్ మోయగలదో లేదో కారు మాన్యువల్‌లో చూడండి. మోయలేకపోతే ఆ కారుతో ఆ ట్రైలర్‌ను లాగకూడదు.

ఈ బరువును కంటితో అంచనా వేయడం కుదరదు. జీడిమెట్ల, కాటేదాన్ వంటి పారిశ్రామిక వాడల్లోని ఏదైనా వే బ్రిడ్జికి, అంటే ధర్మకాంటాకు, ప్రయాణానికి సర్దిన ట్రైలర్‌ను సర్దినట్లే తీసుకెళ్లండి. కారుకు తగిలించి ఉండగానే ట్రైలర్ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలిపి ఒక తూకం వేయించండి. తరువాత చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, కారును విడదీసి, విడదీశాక ముక్కును మోసే ముందు జాకీ చక్రం సహా ట్రైలర్ మొత్తాన్ని కాంటా మీదే ఉంచి రెండో తూకం వేయించండి. ఈ రెండింటికీ ఉన్న తేడాయే ముక్కు బరువు. ఉదాహరణకు మొత్తం 1,500 కిలోలు, చక్రాల మీద 1,410 కిలోలు వస్తే ముక్కు మీద పడుతున్నది 90 కిలోలే, అంటే 6 శాతమే. ఇరుసు నుంచి టో బాల్‌కు 4 మీటర్ల దూరం ఉందనుకుంటే, వెనుక గోడ దగ్గర ఉన్న నాలుగు 20 లీటర్ల నీళ్ల క్యాన్లను, అంటే 80 కిలోలను, 3 మీటర్లు ముందుకు జరిపితే ముక్కు బరువు మరో 60 కిలోలు పెరిగి 150కి చేరుతుంది. నాలుగు క్యాన్లు జరిపితే ఇంత మారుతుందని కాంటా మీద చూసేదాకా నాకూ నమ్మకం కలగలేదు.

అలాగని ముక్కు దగ్గర కొంత, తోక దగ్గర కొంత బరువు పెట్టి లెక్క సరిచేయకూడదు. కావడి బద్దకు రెండు చివరలా నిండు కుండలు వేలాడదీసుకున్న మనిషి గిరుక్కున తిరిగితే ఆ తిరుగుడు ఎంత సేపటికి ఆగుతుందో ఊహించండి. ట్రైలర్ కూడా అంతే. ఇన్వర్టర్ బ్యాటరీ వంటి బరువైన వస్తువులను ఇరుసుకు కొద్దిగా ముందు, నేల మీద పెట్టి కదలకుండా కట్టండి. నీళ్ల ట్యాంకును పూర్తిగా నింపండి లేదా ఖాళీ చేయండి, సగం నిండిన నీరు లోపల అటూ ఇటూ కొడుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. కారుకు తగిలించాక ట్రైలర్ నేలకు సమాంతరంగా గానీ, ముక్కు కాస్త కిందికి గానీ ఉండాలి, పైకి మాత్రం ఉండకూడదు.

ఇక వేగం. వేగం పెరిగేకొద్దీ ఊపును తనంతట తానే అణచుకునే శక్తి ట్రైలర్‌కు తగ్గుతుంది. ఒక హద్దు దాటాక చిన్న గాలి తోపు కూడా పెద్ద ఊపుగా మారుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద పక్క వరుసల్లో కార్లు 100 దాటి పోతున్నా మీరు 70 దగ్గరే ఉండడం మంచిది. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి వైపు వస్తుండగా ఒక పెద్ద బస్సు నన్ను దాటినప్పుడు, దాని ముందు గాలి ట్రైలర్‌ను ఎడమకు నెట్టి, అది దాటిపోతుండగా మళ్లీ కుడికి లాగింది. సైడ్ మిర్రర్‌లో ట్రైలర్ వెనుక మూల ఒకసారి కనబడి, మాయమై, మళ్లీ కనబడింది. ఆ క్షణంలో కాలు దానంతటదే బ్రేకు మీదికి పోబోయింది.

ఆ పని మాత్రం చేయకండి. కారు బ్రేకు గట్టిగా తొక్కితే కారు నెమ్మదించినా వెనుక ఉన్న టన్నున్నర బరువు ముందుకు నెడుతుంది, కారూ ట్రైలరూ మధ్యలో మడత పడతాయి. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగును రెండు చేతులతో నేరుగా పట్టుకోండి. ఊపుకు ఎదురు తిప్పబోతే మీ చెయ్యి ఎప్పుడూ ఒక అడుగు వెనుకబడి ఊపునే పెంచుతుంది. ట్రైలర్‌కు విద్యుత్ బ్రేకులుండి, కారులో వాటి కంట్రోలర్ ఉంటే, ట్రైలర్ బ్రేకును మాత్రమే చేత్తో మెల్లగా వేయండి, అది వెనక్కి పట్టి లాగి ట్రైలర్‌ను కారు వెనుక తిన్నగా చేస్తుంది. వేగం పెంచి సరిచేయవచ్చని కొందరు చెబుతారు గానీ, ఇంకాస్త వేగంలో మళ్లీ ఊపు వస్తే దాన్ని ఆపడం ఇంకా కష్టం.

దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు ట్రైలర్ కారును నెడుతూనే ఉంటుంది కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులోకి మారండి. ఊపును తగ్గించే ఫ్రిక్షన్ బార్లు, బరువును కారు ముందు చక్రాలకూ పంచే హిచ్‌లు, అంటే తగిలింపు పరికరాలు దొరుకుతాయి. అవి మంచివే, కానీ తప్పుగా సర్దిన బరువును అవి సరిచేయలేవు.

ఊపు ఆగాక అదే వేగంతో మళ్లీ సాగిపోకండి. నెమ్మదిగా తరువాతి ఎగ్జిట్‌లో దిగి, సురక్షితమైన చోట బండి ఆపి, టో బాల్‌ను పట్టి ఉంచే కప్లర్ లాక్ పడి ఉందో లేదో, దాని కింద కారుకు తగిలించే రక్షణ గొలుసులు ఎక్స్ ఆకారంలో ఉన్నాయో లేదో, టైర్లలో గాలి దిగిందో లేదో చూడండి. తరువాత తలుపు తెరిచి, లోపల సామాను ఏది వెనక్కి జరిగిందో వెతికి, దాన్ని ముందుకు తెచ్చి కట్టి, ఊపు మొదలైన వేగానికి బాగా తక్కువలోనే ఇంటిదాకా రండి.