వీల్‌చైర్‌తో కాళీజాయి పడవ ఎక్కే ముందు

సంక్రాంతి దగ్గర పడితే ఒడిశా బరంపురంలో మన ఇళ్లలో, చిలికా సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి అమ్మవారి మొక్కుల మాట మొదలవుతుంది. నడవలేనివాళ్లతో మాత్రం "నువ్వుండు, ప్రసాదం తెస్తాం" అనేస్తాం. అలా అనకండి, తీసుకెళ్లండి. కానీ పండగ నాడు వద్దు. ఆ జాతర తోపులాటలో వీల్‌చైర్ కదలదు. మామూలు రోజు చూసుకుని, గాలి లేవకముందే పొద్దున్నే బయల్దేరండి.

నాకు నీళ్ల కంటే రేవు అంటేనే భయం. మా తమ్ముడికి వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ లేదు. ఒకసారి పడవ రేవుకంటే బాగా కిందికి ఉంది. తొందరలో ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగారు. భుజం బెణికి చాలా రోజులు వాడు చక్రాలు తిప్పుకోలేకపోయాడు. చేతులు పట్టి ఎప్పుడూ లాగకూడదు. ఒకరు వెనక నుంచి ఒంటిని హత్తుకుని, ఇంకొకరు తొడల కింద పట్టుకుని ఎత్తాలి. పడవలో అందుకోవడానికి మరొకరు ఉండాలి. ఎలా ఎత్తితే బాగుంటుందో ముందు ఆ నడవలేనివాళ్లనే అడగండి. పడవవాళ్లు తొందరపెడితే ఒడియాలో "టికే రుహంతు" అనండి, కొంచెం ఆగమని, ఆగుతారు.

చిలికా లోతు తక్కువ. నీళ్లు తగ్గినప్పుడు పడవ ఒడ్డుకు దూరంగా ఆగిపోవచ్చు. అందుకే దీవిలో ఎక్కడ దింపుతారో, మెట్లున్నాయో లేదో పడవలు బయల్దేరే బాలుగావ్‌లోనో బర్కుల్‌లోనో బేరం ఆడేటప్పుడే తేల్చుకోండి.

చిన్న పడవలో మనిషిని వీల్‌చైర్‌కి బెల్టుతో కట్టేయకండి. పడవ తిరగబడితే కుర్చీ మనిషిని కిందికి లాగేస్తుంది. బల్ల మీద మధ్యలో, మెత్త వేసి కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించండి. మెడ నిలవనివాళ్లకు వెనక కాలర్ ఉన్న జాకెట్ కావాలి. కుర్చీ మడిచి విడిగా కట్టండి. బ్యాటరీ కుర్చీ చాలా బరువు, దాన్ని ఒడ్డునే ఉంచడం మంచిది.

స్పర్శ లేనివాళ్ల కాళ్లు ఇంజిన్‌కి తగిలితే కాలినా వాళ్లకు తెలియదు. మీరే చూస్తూ ఉండాలి. బాత్రూమ్ టెన్షన్‌తో నీళ్లు మానేయనివ్వకండి. యూరిన్ బ్యాగ్ ఎక్కే ముందే ఖాళీ చేయండి. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ రోజు మాత్ర తప్పకూడదు. చూపు లేనివాళ్లకు మెట్టు ఎంత కిందికి ఉందో ముందే చెప్పండి. వినపడనివాళ్లతో ఇంజిన్ మొదలవకముందే చేతి సైగలు అనుకోండి.

తిరిగొచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉంటారు. అప్పుడే చెయ్యి జారుతుంది. ముందు కుర్చీని ఒడ్డున దింపి, విప్పి, బ్రేకులు వేసి, ఆ తర్వాతే మనిషిని ఎత్తండి.