బ్రేక్ వదిలినా రైలు కదలట్లేదా? చివరి వ్యాగన్ ప్రెషర్ చూడండి

"అన్నా, బ్రేక్ ఇడిసిన, థ్రాటిల్ ఫుల్ ఇచ్చిన, బండి కదుల్తలేదు."

ఈ మాటతో ఫోన్ రాని నెల లేదు నాకు. మల్కాజ్‌గిరి స్నేహితుల పిల్లలు, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి కంప్యూటర్ కట్టించుకుని మొదటిసారి ఓపెన్ రైల్స్ అనే రైలు నడిపే గేమ్ వేసుకున్నవాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. నాకు చెప్పేలోపే సగం మంది గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించి ఉంటారు, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి ఉంటారు. ఒకబ్బాయి ఏకంగా విండోస్ మళ్లీ వేయించాడు. ఎఫ్5 నొక్కితే తెర మీద కనబడే ఒక్క వరుస చదివి ఉంటే ఆ శ్రమ ఏదీ అక్కర్లేదు.

నేను చెప్పేదంతా ఓపెన్ రైల్స్ గురించే. ఉచితంగా దొరుకుతుంది, 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ రూట్లూ బళ్లూ దీంట్లో నడుస్తాయి, మనవాళ్లు తయారుచేసిన భారతీయ రూట్లు, ఇంజన్లు కూడా ఎక్కువగా ఆ పద్ధతిలోనే ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేయడం, ఫోల్డర్ చూపించడం, యాక్టివిటీ ఎంచుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అసలు కదలట్లేదు: అర నిమిషంలో చూసేవి

ఎఫ్5 నొక్కండి. రివర్సర్, అంటే బండి ముందుకా వెనక్కా అని చెప్పే లివర్, ముందుకు ఉందా? లేకపోతే డబ్ల్యు కీ. ఎలక్ట్రిక్ ఇంజనైతే పీ నొక్కి పాంటోగ్రాఫ్ (పై కరెంటు తీగను తాకే చట్రం) లేపారా, ఓ నొక్కి సర్క్యూట్ బ్రేకర్ మూశారా? డీజిలైతే ఇంజన్ నడుస్తోందా? రైలు బ్రేక్ వదిలి ఇంజన్ బ్రేక్ మరిచిపోవడం చాలా మామూలు. రైలు బ్రేకుకు సెమీకోలన్ కీ, ఇంజన్ బ్రేకుకు ఎడమ చదరపు బ్రాకెట్ కీ. రెండూ వేర్వేరు, నిజం ఇంజన్లో ఏ9, ఎస్ఏ9 వేర్వేరు హ్యాండిళ్లు అయినట్టే.

బ్యాక్‌స్పేస్ మీద వేలు పడిందేమో కూడా చూడండి. అది ఎమర్జెన్సీ బ్రేక్. మళ్లీ నొక్కేదాకా పోదు. డ్రైవర్ మెలకువగా ఉన్నాడో లేదో చూసే అలారం మోగుతుంటే జెడ్ నొక్కకుండా ఊరుకున్నా ఎమర్జెన్సీ పడుతుంది. అప్పుడు థ్రాటిల్ సున్నాకి తెచ్చి బ్రేక్ మళ్లీ మొదటి నుంచి వదలాలి.

ఇవన్నీ బాగున్నా బండి కదలకపోతే, లేదా కదిలీ 15, 20 దాటకుండా ఈడుస్తుంటే, గేమ్ తప్పు కాదు. బ్రేకులు ఇంకా పట్టే ఉన్నాయి.

అసలు దొంగ ఇక్కడున్నాడు

నన్ను రెండు రాత్రులు ఏడిపించింది ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. కార్లో బ్రేక్ పెడల్ మీంచి కాలు తీస్తే బ్రేక్ పోతుంది. రైల్లో అలా కాదు. ఇంజన్ నుంచి చివరి వ్యాగన్ దాకా బ్రేక్ పైపు ఉంటుంది, మన రైల్వేలో అందరూ బీపీ అంటారు. దాంట్లో గాలి నిండుగా, అంటే చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో ఉంటేనే బ్రేకులు వదులుతాయి. గాలి తగ్గితే పడతాయి. కాబట్టి మీరు సెమీకోలన్ నొక్కినప్పుడు బ్రేకు వదల్లేదు, పైపు నింపడం మొదలుపెట్టారు, అంతే. 58 బాక్స్‌ఎన్ (బొగ్గు మోసే, పైన తెరిచి ఉండే) వ్యాగన్ల గూడ్సు 600 మీటర్లకు పైనే ఉంటుంది. ఆ పైపంతా నిండాలి. ఇంజన్ దగ్గర మీటరు 5 చూపించేసరికి తోక దగ్గర ఇంకా 4 కూడా ఉండకపోవచ్చు.

స్టేషన్లో ఇంజన్ తగిలించాక బండి వెంటనే బయల్దేరకుండా బుస్సుమని గాలి చప్పుడు చేస్తూ నిలబడటం మీరు చూసే ఉంటారు. అది పైపు నిండుతున్న చప్పుడు. వెనక బ్రేక్‌వ్యానులో గార్డు, 2022 నుంచి ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్, తన మీటర్లో 4.7, 4.8 దాకా వచ్చిందో లేదో చూసుకుంటాడు. గేమ్‌లో ఆ గార్డు పని కూడా మీదే. ఎఫ్5 తెర మీద రైలు బ్రేక్ వరుసలో ఈఓటీ అని ఒక అంకె ఉంటుంది. అదే చివరి వ్యాగన్ దగ్గర పైపు ఒత్తిడి. దాన్ని ఎవరూ చూడరు. ఆప్షన్లలో ఒత్తిడి కొలతను కిలోలకు మార్చుకోండి, లేకపోతే 71, 72 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటే మన 5 కిలోలని ప్రతిసారీ లెక్కేసుకోవాల్సి వస్తుంది.

ఆ ఈఓటీ అంకె మూడు రకాలుగా కనిపిస్తుంది.

అంకె నెమ్మదిగా పెరుగుతోంది. ఆగండి, అంతే. థ్రాటిల్ ఇచ్చి లాగకండి, చక్రాలు జారతాయి తప్ప బండి కదలదు.

అంకె తక్కువలో ఆగిపోయి కదలట్లేదు. దారిలో ఎక్కడో గాలికి దారి లేదు, లేదా గాలి పోతోంది. యార్డులో నిలబడ్డ రేకుకు, అంటే వ్యాగన్ల వరుసకు, ఇంజన్ తగిలిస్తే కప్లింగ్ పడుతుంది, హోసులు (మధ్యలో గాలి గొట్టాలు) వాటంతట అవి కలవవు. బ్యాక్‌స్లాష్ నొక్కి కలపాలి. కలిపాక ఇంజన్ దగ్గర బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, కంగారు పడకండి, ఆ గాలి ఖాళీ పైపుల్లోకి వెళ్లింది. మళ్లీ నిండాలి. నిలబెట్టిన రేకుకు హ్యాండ్ బ్రేకులు కూడా వేసి ఉండొచ్చు. ఎఫ్9 తెరలో వ్యాగన్ నంబరు మీద నొక్కితే దాని హ్యాండ్ బ్రేక్, హోసు, యాంగిల్ కాక్ (పైపు చివర ఉండే కుళాయి) అన్నీ కనిపిస్తాయి.

మూడోది ఉంది చూశారూ, అదే దొంగ. ఈఓటీ నిండుగా 5 చూపిస్తోంది. హోసులు కలిసే ఉన్నాయి. హ్యాండ్ బ్రేకులు లేవు. అయినా బండి కదలదు.

నాకు జరిగింది ఇది. ఒక అమెరికన్ డీజిల్‌తో రేకును యార్డులోకి తెచ్చి పెట్టాను. దాన్ని విప్పి, మన ఎలక్ట్రిక్ ఇంజన్ తగిలించి, హోసులు కలిపి, నిండేదాకా ఓపిగ్గా ఆగాను. తోకలో 5 వచ్చింది. థ్రాటిల్ ఇచ్చాను, కదల్లేదు. పెంచాను, చక్రాలు జారాయి. ఇసుక వేశాను, ఇంకా జారాయి. ఆ రాత్రి రూట్ తీసేసి మళ్లీ వేశాను. మర్నాడు ఇంజన్ ఫైళ్లు మార్చాను. చివరికి షిఫ్ట్‌తో ఎఫ్5 నొక్కుతూ పోతే బ్రేకుల పేజీ వచ్చింది. ప్రతి వ్యాగన్‌కీ ఒక వరుస. పైపు గడిలో అన్నిటికీ 5. బ్రేక్ సిలిండర్ (చక్రాలకు బ్రేకు పట్టించే భాగం) గడిలో అన్నిటికీ సున్నా ఉండాల్సిన చోట పెద్ద అంకెలు. పైపు నిండినా బ్రేకులు పట్టే ఉన్నాయి.

కారణం ఇది. ప్రతి వ్యాగన్ కింద బ్రేకు వేసి వదిలే డిస్ట్రిబ్యూటర్ వాల్వ్‌కు కంట్రోల్ రిజర్వాయర్ అనే చిన్న ట్యాంకు ఉంటుంది. పైపు నిండినప్పుడు ఆ నిండు ఒత్తిడిని అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత పైపును దానితో పోల్చి చూస్తూ ఉంటుంది. పైపు తగ్గితే బ్రేక్ వేస్తుంది. ఆ అమెరికన్ ఇంజన్ ఫైల్లో గరిష్ఠ ఒత్తిడి 90 పీఎస్ఐ, అంటే దాదాపు 6.3 కిలోలు. వ్యాగన్లు 6.3 గుర్తుపెట్టుకున్నాయి. మన ఇంజన్ ఎంత ప్రయత్నించినా 5 కంటే ఎక్కువ ఇవ్వదు. వ్యాగన్ లెక్కలో 1.3 కిలోలు తగ్గింది, అంటే డ్రైవర్ దాదాపు పూర్తి బ్రేక్ వేశాడు! మన రైల్వేది కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు పద్ధతి. దాంట్లో పైపు తిరిగి ఆ గుర్తున్న స్థాయికి దగ్గరగా రానంతవరకూ బ్రేకు పూర్తిగా వదలదు. ఓపెన్ రైల్స్ ఆప్షన్లలో గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ అనే గడి టిక్ చేస్తే గేమ్‌లోనూ ఇలాగే ప్రవర్తిస్తుంది, నేను టిక్ చేసే ఆడతాను.

ఇది గేమ్ లోపం కాదు, పట్టాల మీద నిజంగా జరిగేదే. ఒక ఇంజన్ ఎక్కువ ఒత్తిడి పెట్టి వదిలిన రేకును ఇంకో ఇంజన్ తక్కువ ఒత్తిడితో తీసుకుంటే చక్రాలు పట్టేస్తాయి, వేడెక్కుతాయి. దాన్నే బ్రేక్ బైండింగ్ అంటారు. అక్కడ సిబ్బంది వ్యాగన్ వ్యాగన్ దగ్గరకూ నడిచి వెళ్లి రిలీజ్ హ్యాండిల్ లాగి ఆ గాలి వదులుతారు.

మీరు చేయాల్సింది రెండు పనులు. బండి ఆగి ఉండగా షిఫ్ట్ పట్టుకుని స్లాష్ నొక్కండి. బ్రేకులన్నీ కొత్తగా మొదలవుతాయి. నిజంగా చేసినట్టు చేయాలనుంటే ఎఫ్9 నుంచి ఒక్కో వ్యాగన్‌కూ గాలి వదిలే బ్లీడ్ ఆఫ్ వాల్వ్ తెరిచి మూయండి. ఓపిక ఉంటే నేను ఈ బ్లీడ్ ఆఫ్ దారే పట్టమంటాను, ఒక్కసారి చేస్తే ఈ పద్ధతి జన్మలో మరిచిపోరు. తర్వాత మీరు కలిపి వాడే ఇంజన్ల ఫైళ్లు తెరిచి ట్రెయిన్‌బ్రేక్స్‌కంట్రోలర్‌మ్యాక్స్‌సిస్టమ్‌ప్రెషర్ అన్న వరుస వెతకండి. భారతీయ ఇంజన్లన్నిటికీ 71 లేదా 72, ఒకే అంకె ఉండాలి. ఒక ఫైల్లో 90, ఇంకోదాంట్లో 72 ఉంటే ఇంజన్ మార్చిన ప్రతిసారీ ఈ గొడవే. అమెరికన్ ఫైల్‌ను నకలు చేసి మన ఇంజన్ పేరు పెట్టిన వాటిలో ఆ 90 అలాగే మిగిలిపోతుంది. మార్చేముందు ఫైల్ నకలు ఒకటి పక్కన పెట్టుకోండి.

షిఫ్ట్ స్లాష్ తెలిసింది కదా అని ప్రతి ఆట మొదట్లో నొక్కడం అలవాటు చేసుకోకండి. పైపు నిండటం చూడకుండా బండి నడిపితే, దిగుడులో వరసగా బ్రేకులు వేసి గాలి అయిపోయినప్పుడు ఏం జరిగిందో మీకు అర్థం కాదు.

బ్రేకు వేస్తే ఆగట్లేదు

హోసు కలపలేదు. ఇంజన్ బ్రేకు ఒక్కటే పనిచేస్తోంది. ఇంతకుముందు చెప్పిన బ్యాక్‌స్లాషే.

రూట్ జాబితాలో కనబడట్లేదు

మీరు చూపించిన ఫోల్డర్ తెరవగానే గ్లోబల్, రూట్స్, ట్రైన్స్, సౌండ్ కనిపించాలి. జిప్ విప్పినప్పుడు ఒకే పేరుతో ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ వచ్చి ఉంటుంది. లోపలిదాన్ని పైకి తీయండి. పదిలో తొమ్మిదిసార్లు ఇంతే.

లాప్‌టాప్‌లో ఆగి ఆగి నడుస్తోంది

గ్రాఫిక్స్ కార్డు ఉన్నా గేమ్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ మీద నడుస్తోంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అనే చోట ఓపెన్ రైల్స్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

ఆవిరి ఇంజన్లతో ఆడేవాళ్లకు పైన చెప్పిన అంకెలు పనికిరావు, వాటిలో చాలావాటికి వాక్యూమ్ బ్రేకు, అక్కడ పైపులో గాలి లేకపోతేనే బ్రేకు వదులుతుంది. పాడైన ఫైళ్లు, పట్టాల ఆకారాలు లేకపోవడం, శబ్దం రాకపోవడం లాంటివి అరుదు. వాటికి డెస్క్‌టాప్ మీద ఓపెన్‌రైల్స్‌లాగ్ అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, ఏ ఫైల్ దగ్గర ఆగిందో దాంట్లో పేరుతో సహా రాసి ఉంటుంది. నాకు ఫోన్ చేసేవాళ్లు ఆ ఫైలూ, బ్రేకుల పేజీ ఫోటో ఒకటీ ముందే పంపితే చాలు.