పాత యుద్ధకాలపు ప్రేమచిత్రాలు చూడటం నేర్చుకుందాం: నాలుగో పాఠం – మూడుసార్లు ఎక్కిన మెట్లు

పోయిన పాఠంలో ముఖాల మీద వెలుగునీడలు గమనించాం. ఈసారి కెమెరా నడక. అందుకు 1957 నాటి సోవియట్ చిత్రం ‘లెత్యాత్ జురవ్లీ’ తీసుకుంటున్నాను. ‘కొంగలు ఎగురుతున్నాయి’ అని అర్థం. కొంగ అనేశాను గాని, నిజానికి ఈ పక్షి వాల్మీకి చూసిన క్రౌంచానికి దగ్గరి చుట్టం. వెతుక్కోవడానికి ఇంగ్లీషు పేరు ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’. దర్శకుడు మిహాయిల్ కలతోజొవ్, ఛాయాగ్రాహకుడు సెర్గేయ్ ఉరుసెవ్‌స్కీ. 1958లో కాన్‌లో జరిగే చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ అందుకుంది.

మాస్కోలో వెరోనికా, బరీస్ ప్రేమించుకుంటారు. 1941 జూన్‌లో యుద్ధం మొదలవుతుంది. అతను తనంతట తానే సైన్యంలో చేరతాడు, తిరిగి రాడు. ముగింపు ముందే చెప్పేశానని కోపగించుకోకండి. ఏం జరుగుతుందో తెలిసిన సినిమాలోనే ఎలా జరుగుతుందో కంటికి ఆనుతుంది.

ముందుగా, సినిమా మొదట్లో బరీస్ ఆమె ఇంటి మెట్ల మీద పరుగెత్తే చోటు పట్టుకోండి. శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. కెమెరా కింద నిలబడి తల ఎత్తి చూడటం లేదు. గుండ్రంగా తిరుగుతూ అతనితోపాటే అంతస్తులు ఎక్కుతోంది. మీకూ కాస్త కళ్లు తిరగాలి. ఆ తిరుగుడు గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

తర్వాత వీడ్కోలు ఘట్టం. ఈ పాఠానికి గుండెకాయ ఇదే. వెరోనికా కిక్కిరిసిన బస్సులో ఉంది, ఆలస్యమైపోయింది. కెమెరా ఆమె పక్కనే ఉంది. ఆమె దిగితే అదీ దిగింది, జనంలోకి దూరితే అదీ దూరింది. మధ్యలో కట్ లేదు, అంటే దృశ్యం ఎక్కడా తెగి మరొకటి అతకలేదు. ఉన్నట్టుండి పైకి లేచింది. కింద వరుసగా పోతున్న ట్యాంకుల మధ్య ఆమె చిన్నదైపోయి పరుగెడుతోంది. ఉరుసెవ్‌స్కీ యుద్ధంలో కెమెరా పట్టినవాడు. ఇక్కడ చేతిలోని కెమెరాతోనే బస్సు దిగి, నడిచి, కెమెరాను పైకి లేపే క్రేన్ యంత్రం ఎక్కాడు. ఇది తెలిశాక చాలామంది ఆ నేర్పునే చూస్తూ కూర్చుంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే చూశాను. అది తప్పు. అడగాల్సిన ప్రశ్న వేరు: అంతసేపు ఆమెను అంటిపెట్టుకున్న కెమెరా సరిగ్గా అక్కడే ఎందుకు వదిలేసింది? పక్కన ఉన్నంతసేపూ ఆమె తొందర మనది. పైకి వెళ్లాక కనిపించేది యుద్ధం. అందులో ఆమె ఒక చుక్క.

సైనికులు బయలుదేరే చోట ఆమె అతన్ని వెతుకుతుంది, అతను ఆమెను వెతుకుతాడు. నడుమ ఎవరెవరి వీడ్కోళ్లో అడ్డొస్తూనే ఉంటాయి. చివరికి అతను అందనంత దూరంలో కనిపిస్తే, తెచ్చిన బిస్కెట్ల పొట్లం విసురుతుంది. అది కింద పడి, బిస్కెట్లు కవాతు చేస్తున్న కాళ్ల కింద నలిగిపోతాయి. ఏడుపు సంగీతం కన్నా ఆ కాళ్లే ఎక్కువ చెబుతాయి.

ఇక రెండోసారి మెట్లు. బాంబు దాడి తర్వాత వెరోనికా మండుతున్న ఇంట్లోకి దూసుకెళ్లి, మెట్లెక్కి తలుపు తీస్తుంది. అవతల ఇల్లు లేదు, అంతా శూన్యం. గడియారం మాత్రం టిక్కుటిక్కుమంటోంది.

మూడోసారి చిత్తడి అడవిలో. తూటా తగిలిన బరీస్ పైకి చూస్తాడు. బర్చ్ చెట్ల కొనలు గిర్రున తిరుగుతాయి. వాటి మీదే ఆ పాత మెట్లు కనిపిస్తాయి. అతను మళ్లీ పరుగెత్తి ఎక్కుతున్నాడు, జరగని తన పెళ్లిలోకి. మొదట మీ కళ్లు తిరిగిన తిరుగుడే ఇది.

అభ్యాసం: ఈ మూడు చోట్లనూ వెంటవెంటనే చూసి, ప్రతిసారీ కెమెరా ఎవరితో కదిలిందో, ఎక్కడ ఆగిందో ఒక్కో వాక్యం రాయండి. తీర్పులు, విశేషణాలు వద్దు.

వచ్చే పాఠం కట్ గురించి. దానికి ముందుగా ఒక చోటు చూసి ఉంచండి: వైమానిక దాడి రాత్రి, బరీస్ బంధువు మార్క్ వెరోనికాను ఎత్తుకుని పగిలిన గాజు మీద కరకరమని నడుస్తాడు. ఆ వెంటనే తెర మీదికి ఎవరి బూట్లు వస్తాయి?