క్యాన్యులా వేయడం నేర్చుకునేవాళ్లకు: ముందు నరం, తర్వాతే సూది

డమ్మీ చేతి మీద చెయ్యి తిరిగాక, సీనియర్ స్టాఫ్ నర్సు పక్కన ఉన్నప్పుడే మనిషికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి సూది సాయంతో నరంలో, అంటే సిరలో, ఉంచే సన్నటి గొట్టం) వేయాలి. గుచ్చడం అర నిమిషం పని. నరం వెతకడానికే టైము పడుతుంది, పట్టనివ్వండి.

మే నెలలో ఒంగోలు, పొదిలి వైపు వడదెబ్బతో వచ్చేవాళ్ల నరాలు అణిగిపోయి ఉంటాయి. చేతిని మంచం కిందికి వేలాడదీయించి, గోరువెచ్చటి గుడ్డ కప్పండి. చేత్తో చరచడం కన్నా ఇదే మేలు. టోర్నికెట్ (నరం ఉబ్బడానికి చేతికి బిగించే పట్టీ) గుచ్చే చోటికి నాలుగైదు వేళ్ల పైన కట్టాలి. నిమిషం దాటితే విప్పి, కాసేపాగి మళ్లీ కట్టండి. కంటికి కనిపించే నరం కన్నా, వేలితో నొక్కి వదిలితే మళ్లీ పొంగే నరం నమ్మదగ్గది. కొట్టుకుంటుంటే అది ధమని, వదిలేయండి. మణికట్టు లోపలివైపు, బొటనవేలి పక్క వద్దు, స్పర్శ తెలిపే నాడులు (నెర్వ్‌లు) అక్కడ పైపైనే ఉంటాయి. మోచేతి మడతలో వేస్తే చెయ్యి ముడిచినప్పుడల్లా సెలైన్ ఆగుతుంది.

కిడ్నీ రోగులు ఎక్కువగా వచ్చే కనిగిరి, చీమకుర్తి వైపు పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న మరవకూడదు: "అమ్మా, కిడ్నీ జబ్బేమన్నా ఉందా? డయాలసిస్‌కి పోతున్నారా?" ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని నరంతో ఆపరేషన్ చేసి కలిపిన చోటు) ఉన్న చేతికి టోర్నికెట్ కూడా కట్టకూడదు. ముందుముందు డయాలసిస్ అవసరమయ్యేలా ఉంటే అరచేతి వెనకే వేయండి. రేపు ఫిస్టులా పెట్టాల్సింది ముంజేతి నరాల్లోనే.

మామూలు సెలైన్‌కు గులాబీ రంగు 20 గేజ్ (గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ సన్నం), నీలం 22 చాలు. రక్తం బాగా పోయినవాళ్లకు ఆకుపచ్చ 18 గానీ బూడిద రంగు 16 గానీ కావాలి. పసుపు 24 పసిపిల్లలకు.

చేతులు కడిగి, గ్లవ్స్ వేసుకుని, ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, ఊదకుండా ఆరనివ్వండి. ఆ తర్వాత వేలు తగిలితే మళ్లీ మొదటినుంచే.

"నరం పారిపోతోంది" అంటే చాలాసార్లు చర్మం బిగించి పట్టలేదనే. గుచ్చేచోటికి కింద బొటనవేలితో లాగి పట్టండి. సూది ఏటవాలు ముఖం పైకి ఉంచి, 10-30 డిగ్రీల వాలులో గుచ్చండి. క్యాన్యులా వెనక ఉండే చిన్న గదిలో రక్తం కనపడగానే ఆగాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. సూది మొన గొట్టం అంచుకన్నా ముందుంటుంది కాబట్టి, రక్తం వచ్చినా గొట్టం ఇంకా నరం బయటే ఉండొచ్చు. వాలు తగ్గించి మొత్తాన్ని 2-3 మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, సూదిని కదల్చకుండా గొట్టాన్ని మాత్రమే జార్చండి. వాలు తగ్గించకుండా తోస్తే అవతలి గోడ చిల్లుపడి ఉబ్బుతుంది. వెనక్కి లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చారో, గొట్టం ముక్క తెగి రక్తంతో పాటు కొట్టుకుపోవచ్చు.

టోర్నికెట్ విప్పి, గొట్టం కొసకు పైన నరాన్ని నొక్కిపట్టి సూది తీయండి. మూత తొడగొద్దు, నేరుగా తెల్ల షార్ప్స్ డబ్బాలో వేయండి. 5 మి.లీ. నార్మల్ సెలైన్ మెల్లగా ఎక్కించండి. ఉబ్బినా, మంటన్నా తీసేయాలి. షాక్ కొట్టినట్టుందంటే ఆ క్షణమే తీసేయండి. ఎర్రటి రక్తం ఎగిసెగిసి వస్తే ధమనిలో పడినట్టే, తీసి 5 నిమిషాలు గట్టిగా నొక్కండి. ప్లేట్‌లెట్లు పడిపోయిన డెంగీ రోగికి ఇంకాసేపు. రెండుసార్లు తప్పితే సీనియర్‌కు అప్పగించండి. ఇందులో నామోషీ లేదు.

నెల్లూరు ఉక్కకు ప్లాస్టర్ ఊడొస్తుంది, చెమట తుడిచి అంటించి, తేదీ, టైము రాయండి. ప్రతి షిఫ్టులో చూడండి. ఎర్రబడినా, నొప్పున్నా, ఇక సెలైన్ అవసరం లేకపోయినా తీసేయండి.