వైర్‌ఫ్రేమ్ టూల్ బిల్లు పెరిగిపోతోందా? ముందు షేర్ బటన్ చూడండి

తిరుపతిలో లాడ్జికైనా, శ్రీకాళహస్తిలో కలంకారీ షాపుకైనా వెబ్‌సైట్ అంటే మహా అయితే ఆరేడు పేజీలు. ఆ మాత్రానికి వైర్‌ఫ్రేమ్, అంటే పేజీలో ఏది ఎక్కడుండాలో చూపే బూడిదరంగు డబ్బాలు, గీయడానికి నెలనెలా డాలర్లు పోయాల్సిన పనిలేదు. అయినా పోస్తున్నారంటే చాలాసార్లు కారణం ఒకటే.

సమస్య: గీసేది ఒక్కరు, బిల్లు నలుగురికి

చాలా టూల్స్ ఎడిట్ చేసే ఒక్కో మనిషికీ ఒక్కో సీటు లెక్కన డబ్బు తీసుకుంటాయి. చూసి కామెంటు పెట్టేవాళ్లకు ఉచితం. లాడ్జి ఓనరుకు వాట్సాప్‌లో లింకు పంపేటప్పుడు షేర్ పెట్టెలో ‘ఎడిట్’ అని ఉండిపోతుంది. ఆయన దాన్ని మేనేజరుకు, మేనేజరు రిసెప్షన్ కుర్రాడికి పంపుతారు. ‘రూమ్ రేట్లు పైకి రావాలి’ అని చెప్పడానికి వచ్చిన ముగ్గురూ ఎడిటర్లయి కూర్చుంటారు. కొన్ని టూల్స్ ముందుగా అడ్మిన్ అనుమతి అడుగుతాయి. ఆ మెయిల్ చదవకుండా ఓకే నొక్కినా జరిగేది ఇదే.

సీటు 15 డాలర్లు అనుకుంటే నాలుగు సీట్లకు 60. జీఎస్టీ 18 శాతం కలిస్తే 70.80. దానిమీద బ్యాంకు వేసే విదేశీ మారకం చార్జీ వేరు.

ఫైల్లోంచి మనిషిని తీసేస్తే సీటు కూడా పోతుందనుకుంటారు. పోదు. అడ్మిన్ సెట్టింగ్స్‌లో సభ్యుల జాబితా తెరిచి, ఒక్కొక్కరినీ ‘వ్యూ’కి మార్చాలి. తర్వాత లింకు అనుమతిని కూడా ‘వ్యూ’ చేయాలి, లేకపోతే రేపు మళ్లీ ఇంకొకరు ఎక్కుతారు. బిల్లు తేదీకి ముందే చేయండి, ఎందుకంటే తగ్గింపు సాధారణంగా తర్వాతి బిల్లు నుంచే లెక్కకొస్తుంది. సరిగ్గా మారిందో లేదో తెలియాలంటే బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో వేరే అకౌంటుతో లింకు తెరవండి. గీసే టూల్‌బార్ కనబడితే తలుపు ఇంకా తెరిచే ఉంది. అక్కడ దేన్నీ కదపకండి, కొన్ని టూల్స్‌లో ఆ కదలికకే సీటు పడుతుంది.

సమస్య: ఉచిత ప్లాన్ చాలడంలేదు

ఇలాంటి టూల్ అయిన ఫిగ్మా ఉచిత ప్లాన్‌లో టీమ్‌తో పంచుకునే డిజైన్ ఫైళ్లు మూడే. ఏడు పేజీలకు ఏడు ఫైళ్లు తెరిస్తే ఎలా చాలుతుంది? ఒకే ఫైల్లో ఫోను తెరకు సరిపోయే 360 పిక్సెళ్ల వెడల్పుతో ఏడు ఫ్రేములు (పేజీకో చట్రం) పక్కపక్కన గీయండి. నిజంగానే ఇద్దరు ముగ్గురు కలిసి గీయాలంటే పెన్‌పాట్ అనే టూల్‌కు వెళ్లండి. అది ఓపెన్ సోర్స్, ఉచిత ప్లాన్‌తోనే పని అయిపోతుంది.

సమస్య: నిన్న గీసింది ఈరోజు లేదు

బ్రౌజర్లోనే గీసే టూల్ ఎక్స్‌కాలిడ్రాలో లాగిన్ లేకుండా గీస్తే బొమ్మ ఆ బ్రౌజర్లోనే ఉంటుంది. హిస్టరీతోపాటు సైట్ డేటా తుడిచారా, పోయినట్టే. లేచే ముందు ఫైలుగా సేవ్ చేసుకోండి.

సమస్య: తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి

ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటు పెట్టి, ‘శ్రీకాళహస్తి’ అని టైపు చేయండి. క్రావడి, ఒత్తు సరిగా కూర్చోవాలి, పైనా కిందా తెగకూడదు. తెగితే లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.6 దాకా పెంచండి. కొనకముందే చేయాల్సిన పరీక్ష ఇది.

కార్డు చెల్లకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. టూల్ తెరుచుకోకపోతే బ్రౌజర్ అప్‌డేట్ చేసి చూడండి, అది అరుదు.