పెద్దల అమావాస్యకు వంశవృక్షం రాస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

పెద్దల అమావాస్యకు చుట్టాలందరూ కలుస్తారు కాబట్టి వివరాలు అడగడానికి మంచి అదను.

తాత పేరే మనవడికి పెడతారు. ఒకే పేరున్న ఇద్దరిని కలిపేస్తే ఒక తరమే మాయమవుతుంది, పైన రాసిందంతా తప్పుతుంది. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, పొలం సర్వే నంబరు సరిపోతేనే ఒకరని రాయండి.

వేరే జిల్లా పేరు ఉందని పాత కాగితం పక్కన పడేయకండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. కాబట్టి తమిళం చదివేవాళ్లు ఒకరు తోడుంటే మేలు.

తెలుగు సంవత్సరం పేరు ‘రౌద్రి’ అని ఉంటే 1920–21 కావచ్చు, 1980–81 కావచ్చు. అరవై ఏళ్ల తేడా!

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (పొలం లెక్కల సంవత్సరం) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం దానికి 590 కలపండి. ఫసలీ జులైలో మొదలవుతుంది కాబట్టి జనవరి–జూన్ నెలలకైతే 591.

స్కూలు రికార్డులో పుట్టిన తేదీ జులై 1 అయితే కాస్త అనుమానించండి. అయ్యవారు వేసిన తేదీ కావచ్చు.

రెండు కాగితాలు పొసగకపోతే దేన్నీ కొట్టేయకండి. రెండూ రాసి, ఏది ఎప్పటిదో పక్కన వేయండి. సంఘటన జరిగినప్పుడే రాసినదానికి బలమెక్కువ.